రెండు ఉద్యోగాల మధ్య మొగుడు

మా ఆయన చైతన్య ఒక కంపెనీలో మానేసి ఇంకో కంపెనీలో చేరడానికి మధ్య పదహారు రోజులు ఖాళీ వచ్చింది. మా పెళ్ళయి అప్పటికి పదహారేళ్ళు. ఏడాదికొక రోజు చొప్పున ఎవరో దాచిపెట్టి ఒకేసారి చేతిలో పెట్టినట్టు అనిపించింది నాకు.

అంతకుముందు మూడుసార్లు ఉద్యోగం మారారు. మూడుసార్లూ శుక్రవారం సాయంత్రం ఒక ఆఫీసులో దిగి సోమవారం పొద్దున్న ఇంకో ఆఫీసులో ఎక్కారు, స్టేషన్లో రైలు మారినట్టు. మధ్యలో ఉన్న శని, ఆదివారాలు నిద్రపోయారు. ఈసారి కొత్తవాళ్ళు అక్టోబరు మూడున రమ్మన్నారు. పాతవాళ్ళు సెప్టెంబరు పదహారునే వదిలేశారు. ఆ సాయంత్రం కొండాపూర్‌లో మా ఫ్లాటు గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆయన మెడలో కార్డు లేదు, భుజాన లాప్‌టాప్ సంచి లేదు. కంపెనీ ఇచ్చిన ఫోను కూడా తిరిగి ఇచ్చేశారట. పెళ్ళిచూపుల తరవాత ఆయన్ని అంత ఒట్టి మనిషిగా చూడడం అదే.

"ఏమిటలా చూస్తున్నావ్?" అన్నారు.

"ఎవరో అనుకున్నాను" అన్నాను.

మా అమ్మాయి రసజ్ఞ ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉంది. ఆదివారం సాయంత్రం పది నిమిషాలు ఫోను చేస్తుంది, అందులో ఆరు నిమిషాలు ఊరగాయ గురించి. మిగతా వారమంతా నేను మాట్లాడేది కుక్కరుతోను, కేబుల్ డబ్బులకి వచ్చే అతనితోను. బి.ఎస్సీ. బోటనీ ఫస్టు క్లాసులో పాసయ్యాను. ప్రస్తుతం బాల్కనీలో కరివేపాకు, రెండు మందారాలు, ఒక మనీప్లాంటు నా పర్యవేక్షణలో ఉన్నాయి.

కాబట్టి ఆ పదహారు రోజులు నాకు కావాలి. ఆయన నిద్రపోయినా సరే, నా ఎదురుగా నిద్రపోవాలి. ఈ సంగతి పైకి అనలేదు. అంటే ఆయన దాన్ని ఒక అంశంగా రాసుకుని చర్చకి పెడతారు.

ఆయన దగ్గర వేరే పథకం ఉంది. దాని పేరు కైట్‌సర్ఫింగ్. గది అంత గాలిపటాన్ని నడుముకి తగిలించుకుని, కాళ్ళకి ఒక పలక తొడుక్కుని సముద్రంలో నిలబడితే, గాలి మనిషిని నీళ్ళ మీద ఈడ్చుకుపోతుంది. దానికి మనం డబ్బిస్తాం.

"ఎందుకండీ?" అన్నాను.

"కొత్త ఆఫీసులో మొదటి రోజు అందరూ లేచి తమ గురించి ఒక ఆసక్తికరమైన విషయం చెప్పాలి, అమ్మణ్ణీ. పోయినసారి నాకు ముందువాడు హిమాలయాలు ఎక్కానన్నాడు. నేను క్యారమ్స్ ఆడతానన్నాను."

ఆ అవమానం నాలుగేళ్ళుగా ఆయన లోపల నానుతోందని నాకు అప్పుడే తెలిసింది. శ్రీలంకలో కల్పిటియ అనే ఊళ్ళో సముద్రం పక్కన నడుం లోతు ఉప్పునీటి మడుగు ఉందట, నేర్చుకునేవాళ్ళంతా అక్కడికే వెళతారట. ఇరవైనాలుగున బయల్దేరి అక్టోబరు ఒకటిన రావాలని ఇద్దరికీ టిక్కెట్లు, ఒకే గది. ఆయనకి పాఠాలు. నాకు డాల్ఫిన్లు చూపిస్తారట.

ఈలోగా నేల మీద సాధన చెయ్యాలి. దానికి చిన్న పటం ఒకటి ఉంటుంది. దుప్పటి అంత గుడ్డ, రెండు తాళ్ళు, చేత్తో పట్టుకునే ఒక కడ్డీ. బోస్టన్ నుంచి వస్తున్న పాత సహోద్యోగి చేత తెప్పించారు. అయిదు రంగుల్లో దొరికితే తగ్గింపు ధర ఉన్న రంగు చెప్పారు. విప్పి చూస్తే గులాబీ రంగు.

అవి తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మె రోజులు. బళ్ళు లేవు, బస్సులు లేవు, బొగ్గు గనుల్లో పని ఆగిపోయి ఊరంతా కరెంటు కోత. కొత్తగూడ చౌరస్తా దగ్గర పొద్దున్న తొమ్మిదింటికి రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూడక్కర్లేదు. జెండాలు, కండువాలు, టెంట్లు, ఆటోల మీద అతికించిన కాగితాలు, అన్నీ గులాబీయే. మాది అమలాపురం. ఆ రంగు చీర కూడా బీరువాలో అడుగున పెట్టమని మా ఆయన చెప్పి రెండేళ్ళయింది, ఎవరైనా ఏమైనా అనుకుంటారని. అటువంటి మనిషి ఆ రంగు గుడ్డని ఆకాశంలోకి ఎగరెయ్యబోతున్నారు.

ఖాజాగూడలో చెరువు దాటాక బండరాళ్ళ కింద ఖాళీ స్థలం ఉంది. రోడ్డు మలుపులో సమ్మె టెంటు. మేము తల వంచుకుని, పటం సంచిని టిఫిన్ క్యారియర్ లాగా పట్టుకుని టెంటు ముందు నించి నడిచి వెళ్ళాం.

పటం ఒక్కరు ఎగరెయ్యలేరు. ఒకరు ఆ చివర పటాన్ని విప్పి పట్టుకోవాలి, ఇంకొకరు ఈ చివర కడ్డీ పట్టుకోవాలి. మధ్యలో ఇరవై మీటర్ల తాళ్ళు. చిన్నప్పుడు మా అన్నయ్య గాలిపటం ఎగరేస్తే నేను దారపు చుట్ట పట్టుకున్నాను, కనక నాకు అనుభవం ఉందని ఆయన నన్ను ఆ చివరికి పంపారు. గాలికి మాటలు వినపడవు. బొటనవేలు పైకి చూపిస్తే నేను వదలాలి. నెత్తి మీద తట్టుకుంటే దించుతున్నారని అర్థం. ఆకాశాన్ని గడియారం అనుకోవాలి. నెత్తి మీద పన్నెండు, అక్కడ పటం ఊరికే ఉంటుంది. పదింటికో రెండింటికో వంచితే లాగుతుంది. ఇవన్నీ ఆయన వీడియోలు చూసి రాసుకుని, ప్రింటు తీసి నాకూ ఒక కాపీ ఇచ్చారు.

ఆయనతో గడపాలన్న నా కోరిక ఆ రకంగా ఇరవై మీటర్ల దూరంలో తీరడం మొదలైంది. రెండోరోజు ఆయన బొటనవేలు చూపించినా వదల్లేదు. మళ్ళీ చూపించారు. నేను పటాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. కడ్డీ కింద పెట్టి, ఇరవై మీటర్లూ నడిచి వచ్చి, "ఏమైంది?" అన్నారు.

"సరిగ్గా కనపడలేదండి" అన్నాను. చెమట పట్టిన మొహంతో దగ్గరగా నిలబడి, బొటనవేలు ఎలా ఉంటుందో చూపించి వెళ్ళారు. ఆ వారంలో మొత్తం నాలుగుసార్లు నాకు సరిగ్గా కనపడలేదు.

మూడోరోజు గాలి బాగుంది. గులాబీ పటం లేచి పన్నెండు దగ్గర నిలబడింది. టెంటు వైపు నుంచి ఒక కేక, తరవాత చప్పట్లు, తరవాత "జై తెలంగాణ" అని ఓ యాభై గొంతులు. మా ఆయన మొహం తెల్లబోయింది. గబగబా దించబోతే అది ఇంకాస్త పైకి పోయింది. ఇద్దరు ముగ్గురు మా వైపు నడిచి వస్తున్నారు.

"నువ్వు మాట్లాడకు, మన యాస పట్టేస్తారు" అన్నారు, దగ్గరికి పరిగెత్తుకొచ్చిన నాతో.

వచ్చినవాళ్ళలో ముందున్నావిడ పేరు కనకమ్మ. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ ఒక టవర్లో ఊడ్చే పని చేస్తుంది. చేతిలో గరిటె ఉంది. ఆవేళ వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం, అదీ నిరసన.

"మస్తు ఎగరేసిన్రు సారూ. ఇంత పెద్ద పతంగి మాకు తోచకపాయె. రాండ్రి, బువ్వ తిందురు."

మా ఆయన చిరునవ్వుతో తల ఊపారు. నేనూ ఊపాను. విస్తర్లు వేశారు. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. కనకమ్మ వడ్డిస్తూ అడిగింది, "ఏ ఊరు సారూ మీది?"

మా ఆయనకి పొలమారింది.

"అమలాపురం" అన్నాను నేను. అబద్ధం చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, వంకాయ కూర బాగుంది.

కనకమ్మ నవ్వింది. "అది నీ చీరకట్టు చూస్తేనే ఎర్కైందమ్మా. సారు నోరు తెరుస్తలేడని మూగోడేమో అనుకున్నం, పాపం."

ఆ మాటకి పంక్తి అంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, రెండోసారి కూర వేయించుకున్నారు. ఇంటికొచ్చేటప్పుడు దారిలో, "మంచివాళ్ళే" అన్నారు, తనే కనిపెట్టినట్టు. పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఎవరి పక్కనా కూర్చుని అన్నం తినలేదు మేము. నాకు ఆ మధ్యాహ్నం చాలా బాగుంది. మిగిలిన పదమూడు రోజులూ ఇలా ఉంటే చాలనుకున్నాను.

ఇరవైరెండున కొత్త కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఎవరో అమ్మాయి, గొంతు తేనెలాగా ఉంది. సమ్మె వల్ల క్యాబులు నడవడం లేదు సర్, దూరం నుంచి ఎవరూ రాలేకపోతున్నారు, అమెరికా వాళ్ళు కంగారు పడుతున్నారు, మీది నడిచి వచ్చే దూరం కదా, సోమవారమే చేరతారా, అని. మా ఆయన "చూస్తాను" అన్నారు. అంటూనే ఇస్త్రీ చొక్కాలు ఉన్న అలమర వైపు చూశారు. అది నేను చూశాను.

"కాదంటే బాగుండదు. మొదట్లోనే" అన్నారు నాతో.

"అవునండి."

"టిక్కెట్ల డబ్బు వెనక్కి రాదు. పోనీ నువ్వు వెళ్ళిరా. నీకు పాస్‌పోర్టు ఉందిగా" అన్నారు.

"సరేనండి" అన్నాను.

భోజనం చేసి వెళ్ళండి అని మర్యాదకి అంటే విస్తరి ముందు కూర్చుండిపోయిన చుట్టాన్ని చూసినట్టు చూశారు నన్ను. నిజానికి నాకు వెళ్ళాలని లేదు. ఆయన "వద్దులే, ఒక్కదానివీ ఎలా వెళతావు" అంటారని అన్నాను. ఆయన అనలేదు. నేను మాట వెనక్కి తీసుకోలేదు. ఇద్దరం మర్యాదస్థులం.

మర్నాడు ఆయన కొత్త ఆఫీసుకి కాగితాలు ఇవ్వడానికి వెళ్ళారు. నేను పటం తీసుకుని ఒక్కదాన్నే ఖాజాగూడ వెళ్ళాను. టెంటు దగ్గర కనకమ్మ ఉల్లిపాయలు కోస్తోంది.

"సారు రాలే?"

"కొత్త ఉద్యోగం. సోమవారమే రమ్మన్నారు."

"అయ్యో. మా ఇంటాయన రాములు బస్సు డ్రైవరు. సమ్మె మొదలైన కాడికెల్లి ఇరవైనాలుగ్గంటలు ఇంట్లనే. చాయ్ పెట్టు, బువ్వ పెట్టు, ఇది తే. రాష్ట్రం మొత్తం మొగోళ్ళు ఇంట్ల కూసున్నరు, నీ ఒక్కదాని మొగడు కొలువుకు పోతుండు." కత్తిపీట పక్కకి జరిపి లేచింది. "నీకు లేక పరేషాన్, నాకు ఉండి పరేషాన్. తే, ఆ గుడ్డ యాడ పట్టుకోవాలె?"

ఆవిడ ఆ చివర పట్టుకుంది. నేను మొదటిసారి కడ్డీ పట్టుకుని బొటనవేలు చూపించాను. పటం లేచింది. రెండింటి దగ్గరికి వంచాను. భుజాలు ఊడి వచ్చేలా లాగింది. పది అడుగులు పరిగెత్తి, చెప్పు ఒకటి పోగొట్టుకుని, తుప్పల ముందు కూలబడ్డాను. కనకమ్మ చెప్పు తెచ్చి ఇచ్చి, "దీనికి పైసలిచ్చి దేశం దాటి పోతున్నవా" అంది. నేను అవునన్నాను. మళ్ళీ ఎగరేశాం.

కల్పిటియలో గది తలుపు తీస్తే మంచం మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు, ముక్కు ముక్కు ఆనించుకుని. పక్కన పెళ్ళిరోజు శుభాకాంక్షలు రాసిన కేకు. టిక్కెట్లు కొన్నప్పుడు మా ఆయన ఏదో గడిలో టిక్కు పెట్టారట, దానికి కేకు ఉచితమట. మా పెళ్ళిరోజు ఫిబ్రవరిలో. కేకు మూడు రోజులు తిన్నాను. ఒక హంసని విప్పి తల తుడుచుకున్నాను. రెండోదాన్ని ముట్టుకోలేదు.

పాఠాలు చైతన్య గారి పేరు మీద ఉన్నాయి. డాల్ఫిన్లు నాకు. మార్చమని అడిగాను. నేర్పే ఆయన పేరు నిమల్, యాభై ఏళ్ళుంటాయి, ఎండకి నల్లబడి తాడులా ఉన్నాడు. కాగితం చూసి నన్ను చూసి, వారం రోజులూ నన్ను మిస్టర్ చైతన్య అనే పిలిచాడు. నేను దిద్దలేదు. పదహారేళ్ళలో ఆ పేరుకి నేను పలకడం కొత్తేం కాదు, ఫోనులన్నీ నేనే ఎత్తుతాను.

పంజాబీ డ్రెస్సు మీద లైఫ్ జాకెట్, నడుముకి బెల్టు, నెత్తి మీద హెల్మెట్. నడుం లోతు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మొదటి అయిదు రోజులు పలక లేదు, పటం లాగితే నీళ్ళలో బోర్లా పడి ఈడ్చుకుపోవడమే. అక్కడ అందరూ జంటలు. ఒకరు పటం పట్టుకుంటే ఒకరు ఎగరేస్తారు, పడితే నవ్వుకుంటారు. నాకు పటం పట్టుకునేవాడు నిమల్, జీతం తీసుకుని. అతను నవ్వడు.

"భయం వేసినప్పుడు కడ్డీని దగ్గరికి లాక్కుంటున్నావు" అన్నాడు ఇంగ్లీషులో. "లాక్కుంటే అది ఇంకా లాగుతుంది. వదిలెయ్యి. వదిలేస్తే నెమ్మదిస్తుంది."

అన్నిటికీ వర్తించే మాటలా ఉందే అనుకున్నాను. అనుకుంటుండగానే ముక్కులోకి నీళ్ళు పోయాయి.

నాలుగోరోజు సాయంత్రం ఆయన ఫోను చేశారు.

"ఇవాళా రేపూ ఆఫీసు మూత. పెద్ద బంద్ అట" అన్నారు. "కరెంటు లేదు. ఇల్లంతా తిరిగాను. ఏం తోచడం లేదు అమ్మణ్ణీ. నువ్వు పగలంతా ఏం చేస్తావు ఇక్కడ?"

ఆ ప్రశ్న వేసినందుకు నాకు కోపం రాలేదు. వేసినందుకు సంతోషంగానే ఉంది, కాస్త దూరంగా ఉన్నప్పుడు వేశారు అంతే. నేను కోరిన మనిషి, ఏ పనీ లేని మనిషి, మా ఇంట్లో కూర్చుని ఉన్నారు. నేను మధ్యలో సముద్రం పెట్టుకుని కూర్చున్నాను.

"మీరూ రండి" అన్నాను. నిజంగానే అన్నాను.

"రెండు రోజులకా?" అని నవ్వారు. తరవాత, "మొన్న మొదటి రోజు అందరి ముందు లేచి చెప్పాను, మా ఆవిడ కైట్‌సర్ఫింగ్ నేర్చుకుంటోందని. చప్పట్లు కొట్టారు" అన్నారు. "ఇంతకీ ఆవాలు ఎక్కడున్నాయి?"

పోపుల పెట్టెలో కుడివైపు అని చెప్పాను. పెట్టేశాక చాలాసేపు ఇసకలో కూర్చున్నాను. గదుల ముందు దీపాల కింద జంటలు అన్నాలు తింటున్నారు. నాకు ఇంటికి వెళ్ళాలనిపించింది. కౌంటర్లో అమ్మాయిని టిక్కెట్టు మార్చడం కుదురుతుందా అని అడిగాను. ఒకటో తారీకు దాకా ఖాళీ లేదంది.

ఆరోరోజు పొద్దున్న నిమల్ పలక ఇచ్చాడు. పన్నెండుసార్లు పడ్డాను. పదమూడోసారి పటాన్ని రెండింటికి వంచి, కడ్డీ లాక్కోకుండా చేతులు చాపి ఉంచాను. కాళ్ళ కింద నీళ్ళు గట్టిపడినట్టయింది. లేచాను. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మడుగు నా కిందనుంచి వెనక్కి పోతోంది. అప్పుడు అలవాటుగా ఒడ్డు వైపు తల తిప్పాను, ఎవరైనా చూశారేమోనని. తల తిప్పేసరికి పడ్డాను.

"పద్నాలుగు సెకన్లు" అన్నాడు నిమల్, గడియారం చూసి. అతను కూడా నన్ను చూడలేదు, పటాన్నే చూస్తున్నాడు. అది అతని పని.

సాయంత్రం ఫోను. బంద్ అయిపోయింది, ఆఫీసు తెరిచారు. వెనకాల కీబోర్డు చప్పుడు వినపడుతోంది.

"వచ్చిందా?" అన్నారు.

పద్నాలుగు సెకన్లు అని నోటి చివర ఉంది. చెబితే "గుడ్" అంటారు. అయిపోయిన పనుల మీద ఆయన వేసే ముద్ర అది. దాని తరవాత ఇంక ఆ సంగతి ఉండదు.

"రాలేదండి" అన్నాను. "నాకా గడియారం ఒంటబట్టడం లేదు. మీరు దగ్గరుండి నేర్పాలి."

కీబోర్డు ఆగింది. "నేను ముందే అనుకున్నాను" అన్నారు, గొంతులో చాలా హుషారు. "భయమేస్తే కడ్డీ లాక్కుంటున్నావా?"

"అవునండి."

"అదే తప్పు. లాక్కోకూడదు, వదలాలి. అతను చెప్పలేదా? ఇలాంటివి ప్రేమగా చెప్పేవాళ్ళు ఉండాలి." పావుగంట చెప్పారు. గాలి ఎలా వస్తుందో, భుజాలు ఎలా ఉంచాలో. అన్నీ వీడియోల్లోవే, అన్నీ సరైనవే. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. నాతో ఆయన ఏకబిగిన పావుగంట మాట్లాడి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకుందామని చూశాను.

"నువ్వు రా. ఆదివారం ఖాజాగూడ వెళదాం. మొదటినుంచీ చూపిస్తాను."

"వస్తారా?"

"ఆదివారం అంటే... ఈ ఆదివారం కాదు, ఆఫీసులో రిలీజ్ ఉంది. ఆ పై ఆదివారం. లేదా ఆ తరవాతది."

"సరేనండి" అన్నాను. "అప్పటిదాకా నేర్చుకోకుండా ఉంటాను."

నేనేదో హాస్యమాడాననుకుని నవ్వి పెట్టేశారు.

మర్నాడు చివరి పాఠం. గాలి బాగా వచ్చింది. ఇరవయ్యారు సెకన్లు నిలబడ్డాను.